అరగని రబ్బరు

విచారణాధికారి గేటు ముందు స్కూటరు ఆపి, హెల్మెట్ తీసి, "రిజిస్టరు తర్వాత. ముందు కారు చూపించండి" అన్న దగ్గర మనం ఆగాం.

వరుసగా చదువుతున్నవాళ్లకు మిగతాది తెలుసు. తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఈ డ్రైవింగ్ స్కూలు ఓనరు అన్న, టీచరమ్మ ఆయన చెల్లెలు. పదకొండేళ్లుగా పక్క సీట్లో కూర్చుని నేర్పేది ఆమె. బయట బోర్డు రాయించి జనాన్ని చేర్చుకునేది ఆయన. ఇక్కడ నేర్చుకుని లైసెన్సు తీసుకున్న పదిహేడో రోజున ఒక అమ్మాయి బజారు మలుపులో తన కారుతో ఒక దర్జీని గుద్దింది. ఆమె రక్త పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. దర్జీ అప్పుడు తన కొట్టు అరుగు మీద మిషను తొక్కుతున్నాడు. ఆయన కుడి కాలు మోకాలి కింద తీసేశారు.

రోడ్డు మీద టైరు చార లేదు. బ్రేకు పడలేదని అమ్మాయి చెప్పింది. బ్రేకులో ఏ లోపమూ లేదని తనిఖీలో తేలింది. మిగిలింది ఒక్క ప్రశ్న. ఆమెకు నేర్పారా, లేదా? నేర్పినా నిర్లక్ష్యంగా నడిపిందని అధికారి రాస్తే అమ్మాయి జైలుకు పోతుంది. నేర్పలేదని రాస్తే స్కూలు మూతపడుతుంది. అమ్మాయి పేరు మీద ఉన్న శిక్షణ రిజిస్టరులో ఇరవై ఒక్క పాఠాలు రాసి ఉన్నాయి. వాటి ఎదురుగా టీచరు సంతకం గడులు ఖాళీగా ఉన్నాయి. సంతకాలు పెట్టమని అన్న రెండు రోజులుగా చెల్లెలి వెంట పడుతున్నాడు.

కారు షెడ్డులో ఉంది. టీచరమ్మ తాళం తీసి తలుపు తెరిచింది. ముందు వాసన వచ్చింది. చెమట, అద్దానికి వేలాడే సెంటు బిళ్ల, ఎవరో కక్కుకుంటే కడిగిన సీటు. ఆరేళ్లుగా ఆమె పీల్చిన వాసనే అది. ఈ మూడు వారాలుగా మాత్రం అద్దాలు దించకుండా కారెక్కడం లేదు.

అధికారికి అరవై దగ్గర పడుతున్నాయి. పాత పేపరు నేల మీద పరిచి, దాని మీద మోకాళ్లు ఆనించి, డ్రైవరు సీటు కింద టార్చి వేశాడు. అన్న రిజిస్టరు చంకలో పెట్టుకుని వెనకాల నిలబడ్డాడు. మెకానిక్ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు.

"క్లచ్ రబ్బరు అరిగింది" అన్నాడు అధికారి, ఎవరికీ చెప్పనట్టు. "యాక్సిలరేటరు రబ్బరూ అరిగింది." టార్చి మధ్యలో ఆగింది. బొటనవేలి గోరుతో గీకి చూశాడు. "బ్రేకు రబ్బరు మీద తొమ్మిది గాడులున్నాయి. తొమ్మిదీ లెక్కపెట్టొచ్చు. ఇది ఎప్పుడు మార్చారు?"

"మార్చలేదు సార్" అన్నాడు మెకానిక్. "బండితో వచ్చిందే. ఆరేళ్లు."

అధికారి లేచాడు. పేపరు తీసుకుని అవతలి వైపుకు నడిచాడు. మళ్లీ పరిచాడు, మళ్లీ మోకాళ్లు వంచాడు. పక్క సీటు కింద టీచరమ్మ కోసం పెట్టిన బ్రేకు ఉంది. దాని మీద రబ్బరు లేదు. ఇనుము మెరుస్తోంది.

"దీని సంగతి?"

"దానికి రెండుసార్లు వేశాను సార్. మూడోది తెప్పిస్తున్నా." మెకానిక్ గొంతులో కాస్త గొప్ప వినబడింది. "మా అక్క కాలు అలాంటిది. ఎదర కుక్క కనబడితే కుక్క కంటే ముందు అక్క కాలు కదులుతుంది. ఇన్నేళ్లలో బండికి ఒక్క గీత పడలేదు సార్. బోర్డు మీద అదే రాయించాం."

మెకానిక్ అందరి మొహాలూ చూసి గుడ్డ జేబులో పెట్టుకున్నాడు.

"ఏడాదికి ఎంతమంది నేర్చుకుంటారమ్మా ఇక్కడ?" అధికారి అడిగాడు.

"నూట ఎనభై" అంది టీచరమ్మ.

"ఆరేళ్లకి వెయ్యి దాటారు."

"దాటారు."

ఆయన పేపరు మడిచి సంచిలో పెట్టాడు. రెండు గంటలకు వస్తానన్నాడు. ఈలోగా ల్యాబ్‌కి వెళ్లి అమ్మాయితో మాట్లాడతానన్నాడు. స్కూటరు గేటు దాటేదాకా అన్న చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. అధికారి వెనక్కి తిరిగి చూడలేదు.

టీచరమ్మ కారులో పక్క సీట్లో కూర్చుంది. మెకానిక్ ఏదో అడగబోయి మానేశాడు.

ఈ మూడు వారాలూ ఆమె అసహ్యం అన్న మీదే. దానికి కారణాలున్నాయి. లైసెన్సు పరీక్ష మైదానంలో డ్రమ్ములు ఎక్కడ పెడతారో ఆయన కొలిచి తెచ్చాడు. స్కూలు వెనక ఖాళీ స్థలంలో అచ్చం అలాగే పెట్టించాడు. మూడో డ్రమ్ము అద్దంలోకి రాగానే స్టీరింగు ఒకటిన్నర చుట్టు. తెల్ల రాయి కనబడగానే వెనక్కి ఒక చుట్టు. ఆఖరి గీత దగ్గర మెల్లగా ఒకసారి బ్రేకు. ఇది పాఠంలా వల్లె వేయించేవాడు. పరీక్షలో అందరూ పాసయ్యేవారు. రోడ్డు మీద డ్రమ్ములుండవు, తెల్ల రాళ్లుండవు. లైసెన్సులు అచ్చు వేసి పంచుతున్నాడని ఆమె వదినతో చెప్పింది. వదిన నవ్వి ఊరుకుంది.

గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. ఆమె తన చెప్పు తీసి చూసుకుంది. కుడి చెప్పు మడమ బాగానే ఉంది. వేళ్ల దగ్గర అడుగు పలచబడి వేలికి మెత్తగా తగులుతోంది. ఏటా రెండు జతలు ఇలాగే పోతాయి. ఎప్పుడూ కుడి చెప్పే. నడక తేడా అనుకుంది ఇన్నాళ్లూ.

పద్నాలుగో పాఠం పేరు అకస్మాత్తుగా ఆపడం. మొదటి ఏడాది ఆమె అది నేర్పింది. నలభై వేగంలో పోనిచ్చి, చేత్తో డాష్‌బోర్డు మీద కొట్టేది. కొట్టగానే నేర్చుకునేవాళ్లు ఆపాలి. కాలు ఒక పెడల్ మీంచి ఇంకో పెడల్ మీదికి పోయేలోపు బండి పదకొండు మీటర్లు పోతుందని సుద్దముక్కతో రోడ్డు మీద గీసి చూపించేది. ఒక రోజు ఒకాయన గట్టిగా తొక్కి, ముక్కు స్టీరింగుకి కొట్టుకున్నాడు. రక్తం కారింది. ఆయన తండ్రి మర్నాడు వచ్చి ఆఫీసు గదిలో గంటసేపు తిట్టి వెళ్లాడు. అన్న ఆ సాయంత్రమే చెప్పాడు, ఇక ఆ పాఠం వద్దని. సరేనంది. కష్టమనిపించలేదు. తన కాలు ఉందిగా అనుకుంది. అప్పటినుంచి ఎవరైనా ఎదురొస్తే నేర్చుకునేవాళ్ల కంటే ముందు తనే తొక్కేది. వాళ్లు భయపడేలోపే బండి ఆగేది. "మీతో ఉంటే ధైర్యం మేడమ్" అనేవాళ్లు. ఆమెకు ఆ మాట బాగుండేది.

తలుపు తీసుకుని దిగింది. షెడ్డు మూలకి వెళ్లి ఉమ్మింది. నోట్లో ఏమీ లేదు.

ఆఫీసు గదిలో అన్న టీలో బిస్కెట్లు ముంచుకు తింటున్నాడు. బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది, పక్కన పెన్ను మూత తీసి ఉంది.

"రా చెల్లీ, కూర్చో. టీ చెప్పనా?"

"వద్దు."

"ఇరవై ఒక్క సంతకాలు. రెండు నిమిషాల పని. ముసలాయన రబ్బర్లు గీక్కుంటూ కూర్చుంటాడు, కూర్చోనీ. కాగితం కాగితమే."

ఆమె రిజిస్టరు తనవైపు తిప్పుకుంది. ఇరవై ఒక్క పాఠాలూ ఒకే సిరాతో, ఒకే చేతిరాతలో ఉన్నాయి. పద్నాలుగో వరుసలో "అకస్మాత్తుగా ఆపడం. ఏడుసార్లు చేయించడమైనది" అని రాసి ఉంది.

"ఏడుసార్లా?"

"మూడు అంటే తక్కువైందంటాడు. పది అంటే నమ్మడు."

"ఈ తారీఖున బండి షెడ్డులో ఉందన్నయ్యా. క్లచ్ ప్లేట్లు దింపాం. చక్రాలు కూడా లేవు ఆ రోజు."

అన్న తల వంచి తారీఖు చూశాడు. ముంచిన బిస్కెట్టు విరిగి కప్పులో పడింది. చెంచాతో తీసి తిన్నాడు.

"అయితే ఆ ఒక్కటి దిద్దుకుందాం."

"మిగతావి?"

"మిగతావి బానే ఉన్నాయిగా."

"పద్నాలుగో పాఠం ఈ అమ్మాయికే కాదు, పదేళ్లుగా ఎవరికీ నేర్పలేదు."

"ఎవరు వద్దన్నారు నేర్పొద్దని?"

ఆమె ఆయన వైపు చూసింది. ఆయన కప్పులోకి చూసుకున్నాడు.

"సరే, నేనే వద్దన్నాను. అప్పుడు ముక్కు పగిలింది కాబట్టి అన్నాను. ఇన్నేళ్లూ నువ్వేం చేశావు? నోట్లో వేలు పెడితే కొరకలేని పిల్లవా? చెప్పొచ్చుగా, అన్నయ్యా ఇది తప్పు, నేర్పాల్సిందేనని."

"చెప్పలేదు."

"మరి?"

"నాకూ హాయిగా ఉంది కాబట్టి చెప్పలేదు."

ఇది ఆయన ఎదురుచూసిన జవాబు కాదు. కప్పు పక్కకు జరిపాడు.

"చూడు. ఆ అమ్మాయి గుద్దింది. లైసెన్సు ఆమెది, బండి ఆమెది, కాలు ఆమెది. మనమేమైనా స్టీరింగు పట్టుకున్నామా?"

"స్టీరింగు పట్టుకోలేదు. బ్రేకు మాత్రం మనమే పట్టుకున్నాం. నెల రోజులూ."

"మాటలు బానే నేర్చావు."

"రబ్బరు చూశావుగా."

"రబ్బరు రబ్బరు. రబ్బరు వెళ్లి కోర్టులో చెప్తుందా?" ఆయన ఇంకో బిస్కెట్టు తీశాడు. "అసలు ఆ దర్జీ రోడ్డు మొహాన మిషనెందుకు పెట్టుకున్నట్టు? లోపల పెట్టుకుంటే ఏ గొడవా లేదు. పోనీలే, ఇప్పుడు కాళ్లు భలే చేస్తున్నారట. తొడుక్కుంటే తేడా తెలియదట. పరిగెత్తుతారట కూడా."

"ఆయన పరిగెత్తడన్నయ్యా. మిషను తొక్కుతాడు."

"కరెంటు మిషన్లు వచ్చాయిగా."

బిస్కెట్టు ముంచాడు. ఈసారి విరగలేదు. పెదాల మీద టీ తడిని నాలుకతో తుడుచుకున్నాడు. చిన్నప్పుడు ఒకే కంచంలో అన్నం తిన్న మనిషి. ఆమె ఆ నాలుక చూడలేకపోయింది. లేచి కిటికీ తెరిచింది.

"స్కూలు పోతే నువ్వేం చేస్తావు?" అన్న గొంతు వెనక నుంచి వచ్చింది. ఇప్పుడు అందులో నవ్వు లేదు. "నీకు వచ్చిన విద్య ఇదొక్కటే. నాకూ అంతే. మనిద్దరిళ్లూ దీని మీదే నిలబడ్డాయి. ఎవరో పరాయి పిల్ల కోసం ఇంటికి నిప్పు పెట్టుకుంటావా?"

"రేపు పరీక్షకి ఎంతమంది వెళ్తున్నారు?"

"పదకొండు మంది. ఎందుకు?"

"వాళ్లలో ఒక్కరు కూడా రోడ్డు మీద బ్రేకు తొక్కలేదు."

"పాసవుతారు కదా?"

ఆమె పెన్ను తీసుకుంది. అన్న కుర్చీలో ముందుకు జరిగాడు. ఆమె పెన్నుకి మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

"పదకొండు మందికీ ఫోన్ చేసి రావద్దని చెప్తున్నా" అంది. "నువ్వు చెప్తే సరే. లేకపోతే నేనే చెప్తా."

"పిచ్చెక్కిందా నీకు?"

"ఎక్కితే బాగుండు."

రెండు గంటలకు అధికారి వచ్చేసరికి ఆమె తొమ్మిదిమందికి చెప్పేసింది. వాళ్లలో ఇద్దరు తిట్టారు. సెలవు పెట్టుకున్నామన్నారు.

గేటు దగ్గరే నిలబడి ఆమె అధికారికి అంతా చెప్పింది. పద్నాలుగో పాఠం, ముక్కు పగిలిన మనిషి, షెడ్డులో ఉన్న బండి, ఏడుసార్లు అని రాసిన వరుస. తన కాలు సంగతి ఆఖర్న చెప్పింది. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

"మీరు చెప్పింది రాసుకుంటానమ్మా. కానీ మీ మాట ఒక్కటే చాలదు. మీరు ఆ అమ్మాయిని కాపాడ్డానికి చెప్తున్నారని అవతలి లాయరు అంటాడు. అనడానికి వీలుంది కూడా."

"మరి?"

"చూడాలి. అమ్మాయి నడుపుతుంది. మూసిన ఆవరణలో. పక్కన మీరు కూర్చుంటారు. పక్క సీటు బ్రేకు ఉండకూడదు."

"ఆమె మళ్లీ కారెక్కుతుందా?"

"ల్యాబ్‌లో అడిగాను. మీ కంటే ముందు ఒప్పుకుంది."

ఊరి చివర ఒక పాత గోడౌను ఆవరణ ఉంది. చుట్టూ గోడ, నేల సిమెంటు, మధ్యలో వరుసగా ఆరు స్తంభాలు. పైకప్పు ఎప్పుడో తీసేశారు. నాలుగు గంటలకు నలుగురూ అక్కడికి చేరారు. అధికారి గేటు లోపలి నుంచి గొళ్లెం వేశాడు. ఓనరుని రానివ్వనని ముందే చెప్పాడు. ఓనరు సరేనన్నాడు. ఈ మధ్య ఆయన ఇంత తేలిగ్గా సరేనన్నది టీచరమ్మ చూడలేదు.

మెకానిక్ పక్క సీటు కింద దూరి స్పానరు తిప్పాడు. కాసేపటికి పెడల్ చేత్తో పట్టుకుని బయటికి వచ్చాడు.

"అక్కా, ఇక్కడ చూస్తే నాకే భయమేస్తోంది. నోట్లో పన్ను ఊడదీసినట్టుంది."

"పక్కన పెట్టు."

"హ్యాండ్‌బ్రేకు బిగించాను. నీ చేతికి అందుతుంది. లాగితే వెనక చక్రాలు పట్టేస్తాయి. చెయ్యి మాత్రం దాని మీదే ఉంచు."

అమ్మాయి గోడ పక్కన నిలబడి ఉంది. ల్యాబ్ కోటు మడిచి చేతిలో పట్టుకుంది. ఇరవై నాలుగేళ్లు ఉంటాయి. రోజుకు నలభై మంది చేతుల్లోకి సూది గుచ్చే పిల్ల. వేళ్లు వణకడం లేదు. టీచరమ్మని చూసి నమస్కారం పెట్టింది. మూడు వారాల తర్వాత ఇదే చూడటం.

ఇద్దరూ కారెక్కారు. అమ్మాయి సీటు ముందుకు జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది, బెల్టు పెట్టుకుంది. ఒక్కటీ మరచిపోలేదు. నేర్పినవన్నీ వచ్చు ఆమెకి.

"ఆ రోజు ఏమైంది?" టీచరమ్మ అడిగింది. "బ్రేకు ఫెయిలైందని రాశావు."

"అలాగే అనుకున్నా మేడమ్. నిజంగా. పోలీసులు అడిగితే అదే నోటికొచ్చింది." అమ్మాయి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకు చూస్తోంది. "తర్వాత ల్యాబ్‌లో ఆయన రక్తం శాంపిలే నా బల్ల మీదికి వచ్చింది. పేరు చూశాను. అప్పట్నుంచి రోజూ ఆలోచిస్తున్నా. నేను తొక్కలేదు మేడమ్. ఆయన్ని చూశాను. బాగా ముందే చూశాను. బండి ఆగుతుందనుకున్నా."

"ఎవరు ఆపుతారని?"

"ఎప్పుడూ ఆగేది కదా."

టీచరమ్మ కిటికీ అద్దం దించింది. కారులో అదే వాసన. ఇప్పుడది సీటుది కాదు, తన ఒంటిదే అనిపించింది.

"విను. ఎదర ఏదైనా కనబడగానే, అది అడ్డం వస్తుందో రాదో తేలకముందే, యాక్సిలరేటరు మీంచి కాలు..."

"నేర్పొద్దమ్మా." అధికారి కిటికీ దగ్గరికి వచ్చి ఉన్నాడు. "ఇవాళ నేర్పడానికి రాలేదు. ఏం నేర్పారో చూడటానికి వచ్చాం. ఇది పూర్తయ్యాక ఎంత కావాలంటే అంత నేర్పుకోండి."

ఆమె నోరు మూసుకుంది. పదేళ్లుగా దాటవేసిన పాఠం. ఇప్పుడు చెప్పబోతే చెప్పొద్దంటున్నారు.

అధికారి ఇద్దరికీ చెప్పాడు. స్తంభాల చుట్టూ తిరగాలి. ముప్పై దాటకూడదు. మొదటి చుట్టు అలవాటుకి. రెండో చుట్టులో ఎక్కడో ఒకచోట తను ఎర్ర గుడ్డ ఊపుతాడు. ఊపగానే ఆపాలి. టీచరమ్మ హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి ఉంచాలి కానీ, ప్రమాదమైతే తప్ప లాగకూడదు.

ఆయన వెళ్లాక అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది. "తొక్కితే నాకు మంచిదా మేడమ్, తొక్కకపోతే మంచిదా?"

అర్థవంతమైన ప్రశ్నే. తొక్కితే ఆమెకు బ్రేకు వచ్చినట్టు, దర్జీ విషయంలో తప్పంతా ఆమెదే అయినట్టు. తొక్కకపోతే ఎవరూ నేర్పనట్టు, జైలు తప్పినట్టు. పిల్ల అది లెక్క వేసుకుంది.

"నీకు ఏది మంచిదో నాకు తెలియదు" అంది టీచరమ్మ. "ఎదురుగా ఉన్నవాళ్లకి మాత్రం తొక్కడమే మంచిది."

"ఊపితే తొక్కుదామనే వచ్చాను. నా కాలు వింటుందో లేదో తెలియట్లేదు. అది తెలుసుకోకపోతే నేనిక నడవలేను కూడా."

బండి కదిలింది.

మొదటి చుట్టు ఇరవై వేగంలో తిరిగింది. స్టీరింగు బాగా తిప్పింది. గేర్లు చప్పుడు లేకుండా మార్చింది. మలుపుల దగ్గర యాక్సిలరేటరు వదిలేస్తే బండి తనే నెమ్మదించింది. బ్రేకు మీదికి కాలు ఒక్కసారి కూడా పోలేదు. ఆ మడమ యాక్సిలరేటరు ముందు మేకు కొట్టినట్టు ఉంది. టీచరమ్మ అది మొదటిసారి చూసింది. ఇన్నేళ్లూ ఆమె రోడ్డు వైపే చూసింది. పక్కవాళ్ల కాళ్ల వైపు చూడాల్సిన అవసరం రాలేదు.

రెండో చుట్టు. అధికారి అవతలి చివర గుడ్డ వెనక్కి దాచుకుని నిలబడ్డాడు. మెకానిక్ గేటు దగ్గర ఉన్నాడు. బండి పొడుగు వైపుకి తిరిగింది. ఇరవై ఐదు. ముప్పై. ఆ వేగంలో బండి సెకనుకు ఎనిమిది మీటర్లు పోతుంది.

నాలుగో స్తంభం వెనక నుంచి అన్న బయటికి వచ్చాడు.

గోడౌనుకి వెనక వైపు కూలిన తలుపు ఒకటుంది. పెడల్ ఊడదీశాక అక్కడి నుంచి వచ్చి, ఎర్ర గుడ్డ మాట మాత్రం చెవిన పడి, కాచుకుని ఉన్నాడు. ఆయన లెక్క ఆయనకుంది. ఎర్ర గుడ్డ చూసి ఆపకపోవచ్చు, మనిషిని చూస్తే ఎంతటివాళ్లైనా ఆపుతారు. అధికారి కళ్లముందే అమ్మాయి బ్రేకు తొక్కితే స్కూలు బతుకుతుంది. ఒకవేళ ఆమె తొక్కకపోయినా పక్క సీట్లో చెల్లెలుంది. వెయ్యిమందిని ఆపిన కాలు అన్నని చూసి ఆపదా? ఊడదీసిన పెడల్ గేటు దగ్గర మెకానిక్ డబ్బాలో ఉన్న సంగతి ఆయనకు తెలియదు. దారికి అడ్డంగా వచ్చి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, ఇటు తిరిగి నిలబడ్డాడు. నవ్వుతున్నాడు.

అధికారి అరిచాడు. ఏమన్నాడో కారులోకి వినబడలేదు.

ఇరవై మీటర్లు. టీచరమ్మ కాలు తొక్కింది. గట్టిగా, పూర్తిగా, పదకొండేళ్లుగా తొక్కినట్టే తొక్కింది. పాదం కింద పెడల్ లేదు. నేల దెబ్బ మడమ నుంచి మోకాలి దాకా తగిలింది. చెయ్యి అప్పుడు గుర్తొచ్చింది. అది హ్యాండ్‌బ్రేకు మీద లేదు. ఎప్పుడు తీసిందో తీసి డాష్‌బోర్డుకి ఆనించి పట్టుకుంది.

పద్నాలుగు మీటర్లు. చెయ్యి కిందికి పోతుండగా ఆమె పక్కకు చూసింది.

అమ్మాయి ముందుకు చూడటం లేదు. తల వంచి, ఎప్పటిలా అదే ఆపుతుందన్నట్టు టీచరమ్మ పాదం వైపు చూస్తోంది.